మూడు మగకుక్కల సాక్ష్యం

లిండెన్ ఫాల్స్, మిన్నెసోటా
1983 ఆగస్టు 4

అక్కా,

నీ కుక్క ప్లమ్ ఎంట్రీ కాగితం అందింది. పుట్టిన తేదీ దగ్గర నువ్వు గీకిన అంకెలు చదవడానికి భూతద్దం తెచ్చుకోవలసి వచ్చింది. 1981 ఆగస్టు 19. మన క్లబ్ వేటకుక్కల ట్రయల్ మొదలయ్యేది ఈ నెల 12న. ట్రయల్ మొదటి రోజుకి రెండేళ్ళు నిండిన కుక్క డెర్బీలో, అంటే కుర్రకుక్కల పోటీలో, దిగకూడదు కాబట్టి నీ కుక్క ఒక్క వారం తేడాతో గట్టెక్కింది. ఆ తర్వాతి వారం అవతలి జిల్లాలో జరిగే ట్రయల్‌కి పంపి ఉంటే, పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పి గేటు దగ్గరే వెనక్కి పంపేవాళ్ళు.

లెక్క మూడుసార్లు వేశాను. ఇరవై ఆరేళ్ళు ఊరూరా తిరిగి కిరాణా కొట్ల త్రాసులు తనిఖీ చేసినవాణ్ణి, రిటైరైనా బుద్ధి రిటైరవలేదు. "సొంత అక్కనైనా నమ్మవా?" అంది మా ఆవిడ వెర్నా. సొంత అక్క కాబట్టే మూడుసార్లు చూశాను, వేరేవాళ్ళవైతే రెండుసార్లే చూస్తాను.

మా ఇంట్లో ఒక విషాదం జరిగింది. మా కుక్క డచెస్ సోమవారం ఎదకొచ్చింది. ఏడాదంతా దానికి బాతులు తేవడం నేర్పించి నేర్పించి నా భుజం పడిపోతే, సరిగ్గా ట్రయల్ ముందు ఇలా చేసింది. ఎదలో ఉన్న కుక్క మైదానం గేటు లోపల అడుగు పెట్టకూడదన్న రూలు బోర్డు మీద నా చేతిరాతతోనే ఉంది. అందుకని బేస్‌మెంట్‌లో పెట్టాను. పొద్దునా సాయంత్రం నేనే దిగి తిండి పెట్టి, పక్కన కూర్చుని బుజ్జగిస్తున్నాను. నా మోకాళ్ళ మీద తల వాల్చి మూలుగుతుంది. రూలు చదివి వినిపించాను. నచ్చినట్టు లేదు.

నాన్న కాన్వాస్ ప్యాంటు క్షేమంగా ఉంది. ఏప్రిల్‌లో మొదటిసారి తొడిగాక సెప్టెంబరు ఆఖరి ట్రయల్ దాకా ఉతక్కూడదన్న ఆయన పద్ధతి నేను తప్పలేదు. వెర్నా దాన్ని ఇంట్లోకి రానివ్వదు, గ్యారేజీలో మేకుకు తగిలించుకుంటున్నాను.

నీ తమ్ముడు,
ఆర్విడ్


కార్వర్ బెండ్, సౌత్ డకోటా
1983 ఆగస్టు 8

ఒరే ఆర్విడ్,

నా అంకెలు నీకు అర్థం కాకపోతే నీ ముక్కు నాకు అర్థమైందా చెప్పు, అరవై ఏళ్ళుగా చూస్తూనే ఉన్నాను.

ప్లమ్‌కి ఎనిమిది పాయింట్లున్నాయి. ఇంకో రెండొస్తే దేశం మొత్తం మీద వేసే డెర్బీ జాబితాలో దాని పేరు అచ్చవుతుంది. అంటే నీ ట్రయల్‌లో మూడో స్థానం చాలు. ఇదే దానికి ఆఖరి డెర్బీ. మా ఆయన ఎర్లింగ్ పోయినప్పుడు ఇక్కడి మగవాళ్ళు ఓదార్చడానికి వచ్చి, వెళ్తూ వెళ్తూ కుక్కలెప్పుడు అమ్ముతావని అడిగారు. అమ్మలేదు. దీన్ని పుట్టినప్పటి నుంచి నేనొక్కదాన్నే తయారు చేశాను. ఆ జాబితా వచ్చాక ఒక్కొక్కళ్ళ పోస్టు పెట్టెలో ఒక్కో కాపీ పడేయాలని ఉంది. ఇంత వయసొచ్చినా నాకు ఇలాంటి బుద్ధులు పోలేదు.

నీ డచెస్ సంగతి విని బాధ పడ్డాను. మా దానికి ఆ గొడవ మార్చిలో అయిపోయింది, వంటింటి క్యాలెండర్ మీద రాసుకున్నాను. అక్టోబరు దాకా భయం లేదు.

తినడానికి తీపి రూబార్బ్ పై చేసి తెస్తున్నాను. లంచం కాదు, భయపడకు.

సిగ్రిడ్


లిండెన్ ఫాల్స్
1983 ఆగస్టు 15

ప్రియమైన అక్కకు,

శనివారం నువ్వు ఒక్క మాటైనా అనకుండా బండెక్కి వెళ్ళిపోయావు. తిట్టి ఉంటే బాగుండేది. తెచ్చిన రూబార్బ్ పై కూడా మా బల్ల మీదే పెట్టి వెళ్ళావు. అది ఇంకా తినలేదు.

ఏం జరిగిందో వరసగా రాస్తాను, నువ్వే చెప్పు నేనింకేం చేయగలనో. మొదటి రెండు పరీక్షల్లో నేను కుక్కల్ని బాతుల కోసం వదిలే లైన్ దగ్గర లేను. పొద్దున డచెస్‌ని బుజ్జగించి వచ్చేసరికి ఆలస్యమై, ఆ హడావిడంతా బల్ల దగ్గర కాగితాలతోనే సరిపోయింది. మూడో పరీక్షలో గుస్ లిండ్‌క్విస్ట్ కాఫీకి వెళ్తే, కుక్కలను లైన్ మీదికి పిలిచే పని నేను తీసుకున్నాను. నేను వెళ్ళేసరికి ప్లమ్ రెండు బాతులూ తెచ్చి నీ చేతిలో పెడుతోంది. అంత చక్కటి పని ఆ రోజు ఇంకే కుక్కా చేయలేదు, ఇది న్యాయనిర్ణేతలు కూడా అన్నారు.

నువ్వు బండి దగ్గరికి వెళ్ళాక వచ్చిన మగకుక్క బాతులు పడుతుంటే చూడనే లేదు. లైన్ చుట్టూ నేల వాసన చూస్తూ కూర్చుంది. రెండోది సగం దూరం వెళ్ళి, ఉత్త నోటితో తిరిగొచ్చి, నా మోకాళ్ళ దగ్గర నిలబడి మూలిగింది. పాపం, కార్యదర్శిని కదా, నాకు ఫిర్యాదు చేస్తోందనుకున్నాను. ఆ మైదానంలో ఎదలో ఉన్న కుక్క ఉందని అక్కడున్న అందరికీ అర్థమైంది. సరిగ్గా ప్లమ్ దిగిన తర్వాతే ఇది మొదలైంది. నిన్ను పిలిపించాను. నువ్వు ప్లమ్‌ని పట్టుకుని పక్కన ఉండగానే గుస్ కుక్క టర్క్‌కీ అదే గతి పట్టింది.

ప్లమ్‌కి తెల్ల కాగితం అద్ది చూశాం, రక్తం మరక లేదు. నిజమే. పళ్ళ డాక్టరు పెల్టియర్ "అనుమానమే కదా, దీన్ని ఆఖర్న దింపితే సరిపోతుంది" అన్నాడు. టర్క్ చెడిన కోపంలో గుస్ "పంపేయండి" అన్నాడు. కమిటీలో మూడో ఓటు నాది. అక్కడ నలభై మంది ఉన్నారక్కా. ఆఖర్న దింపమంటే, అక్క కుక్క కాబట్టి వదిలేశాడని ఆ నలభై మందీ వచ్చే ఇరవై ఏళ్ళు అంటారు. నువ్వు మా అక్కవి కాకపోయి ఉంటే పెల్టియర్ మాటే వినేవాణ్ణేమో. ఇది రాయకుండా ఉండాల్సింది, కానీ రాసేశాను.

ఇంకో సంగతి. నువ్వు వెళ్ళాక నేను బల్ల దగ్గరికి వచ్చి కమిటీ నిర్ణయం రాసుకుంటూ కూర్చున్నాను. ఆ తర్వాత ఒక్క మగకుక్క కూడా తిక్క చేష్టలు చేయలేదు. ప్లమ్ వెళ్ళగానే అంతా సర్దుకుంది. ఇంతకంటే రుజువు ఏముంటుంది?

ఆర్విడ్


కార్వర్ బెండ్
1983 ఆగస్టు 22

పైన్ మార్ష్ రిట్రీవర్ క్లబ్ కార్యదర్శి గారికి,

మా ఊరి పశువుల డాక్టరు ఇచ్చిన పత్రం దీనితో జతచేస్తున్నాను. ప్లమ్ అనే నల్ల లాబ్రడార్ ఆడకుక్క ఆగస్టు 15న ఎదలో లేదనీ, దగ్గరలో వచ్చే సూచనలు కూడా లేవనీ ఆయన రాశారు.

సదరు కుక్కకు శుక్రవారంతో రెండేళ్ళు నిండాయి. మీ రికార్డుల్లో సరిచేసుకోగలరు. పుట్టినరోజుకి దానికి ఒక బాతు ఇచ్చాను. మాకిద్దరికీ అంతే.

సిగ్రిడ్ హాల్వర్సన్


లిండెన్ ఫాల్స్
1983 ఆగస్టు 29

శ్రీమతి హాల్వర్సన్ గారికి,

మీ పత్రం అందింది. సదరు పరీక్ష ఆగస్టు 15న జరిగినట్టు ఉంది. ట్రయల్ జరిగింది 13న. మధ్యలో రెండు రోజుల తేడా ఉందని గమనించ ప్రార్థన. పైగా రూలు ప్రకారం మైదానంలో కమిటీ నిర్ణయమే అంతిమం. వంటింటి క్యాలెండర్లను సాక్ష్యంగా తీసుకునే ఏర్పాటు రూలు పుస్తకంలో లేదు. మూడు మగకుక్కల ముక్కులు ఒకే మాట చెప్పాయి. వాటికి నీ మీద పగేముంటుంది అక్కా?

పైన "మీరు" అని మొదలుపెట్టి చివర్లో తప్పాను. తిరగరాయడానికి ఓపిక లేదు.

ఆర్విడ్ ట్వైటన్, కార్యదర్శి


(పోస్టు కార్డు)
కార్వర్ బెండ్, సెప్టెంబరు 1

ఇక్కడ వాతావరణం బాగుంది. క్యాలెండర్ కూడా బాగుంది.

సి.


లిండెన్ ఫాల్స్
1983 సెప్టెంబరు 6

అక్కా,

ఎలా ఉన్నావు? ఇక్కడ పొద్దుటిపూట చలి మొదలైంది. వెర్నా దోసకాయలు ఊరవేస్తోంది. అమ్మ సీసాలో సోపాకు ముందు వేసేదా, తర్వాత వేసేదా అని అడగమంది.

శనివారం కుక్కలకు సాధన చేయించడానికి మైదానానికి వెళ్ళాం. నేను, గుస్, పెల్టియర్ అంతే. బాగానే జరిగింది. పెద్దగా రాయడానికేం లేదు.

నీకు ఇలాంటివి బాగా తెలుసు కాబట్టి అడుగుతున్నాను. పాత కాన్వాస్ గుడ్డకి పట్టిన వాసన ఎన్నాళ్ళుంటుంది? మనిషి ముక్కుకి తెలియనంత వాసన అనుకో. ఊరికే అడుగుతున్నాను.

ప్లమ్ ఎలా ఉంది?

నీ తమ్ముడు,
ఆర్విడ్


కార్వర్ బెండ్
1983 సెప్టెంబరు 12

ఆర్విడ్,

సోపాకు ముందు వేస్తారు. నలభై ఏళ్ళుగా ఊరవేస్తున్న వెర్నాకి ఈ సంగతి నేను చెప్పాలా? అది నిన్ను అడగమని చెప్పి ఉండదు.

నాలుగేళ్ళప్పుడు కిటికీ పగలగొట్టి వచ్చి, "అక్కా, గాజు దేనితో చేస్తారు?" అని అడిగావు. నీ ఉత్తరం చదివితే ఆ గొంతే వినిపించింది.

విషయం చెప్పు.

సిగ్రిడ్


లిండెన్ ఫాల్స్
1983 సెప్టెంబరు 18

అక్కా,

చెప్తున్నాను. ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. వెర్నా చెత్తబుట్ట చూసి "త్రాసుల ఇన్‌స్పెక్టర్ గారు ఏదో తూకం తప్పినట్టున్నారు" అంది.

ఆ శనివారం సాధనకి వచ్చినవి మూడూ మగకుక్కలే. ఆడకుక్క అన్నది ఆ చుట్టుపక్కల లేదు. నేను నాన్న ప్యాంటు వేసుకుని లైన్ దగ్గర నిలబడ్డాను. టర్క్ వచ్చి నేరుగా నా మోకాలికి ముక్కు ఆనించింది, ఇక కదలలేదు. గుస్ ఈల వేశాడు, అరిచాడు, బాతు గాల్లోకి విసిరాడు. అది కళ్ళు అరమోడ్చి నా మోకాలిని ఆఘ్రాణిస్తూ నిలబడింది.

"దీనికేమైంది?" అన్నాడు గుస్.

నేను వంగి నా మోకాళ్ళ వైపు చూసుకున్నాను. డచెస్ ఎదలో ఉన్న మూడు వారాలూ అది తల వాల్చింది ఆ మోకాళ్ళ మీదే. ట్రయల్ రోజు పొద్దున కూడా ప్యాంటు తొడుక్కున్నాకే బేస్‌మెంట్‌లోకి దిగాను. ఆ ప్యాంటుకి అప్పటికి నాలుగు నెలలుగా నీళ్ళు తగల్లేదు.

అయినా నేను ఇన్‌స్పెక్టర్‌ని కదా, రుజువు లేకుండా ఒప్పుకుంటానా? వ్యాన్ వెనక్కి వెళ్ళి ప్యాంటు విప్పి, కంచె గుంజకి తగిలించి, లోపలి డ్రాయరుతో ఇవతలకి వచ్చి నిలబడ్డాను. టర్క్ నన్ను అసలు గుర్తుపట్టనట్టు దాటుకుని వెళ్ళి ఆ గుంజ ముందు కూర్చుంది. మిగతా రెండూ వెళ్ళి దాని పక్కన కూర్చున్నాయి. చర్చిలో జనం కూర్చున్నట్టు వరసగా కూర్చున్నాయి. పెల్టియర్ నా కాళ్ళ వైపు చూసి, గుంజ వైపు చూసి, తల తిప్పుకున్నాడు. ఎండకి ఆరేశానని చెప్పాను.

ఆ రోజు సాయంత్రం నీకు ఉత్తరం రాయడానికి కూర్చుని దోసకాయల గురించి రాశాను. ఇంతకంటే సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ప్యాంటు సంగతి తెలియక చేసిన తప్పు, దోసకాయలు తెలిసి చేసినది. ఎవరికీ తెలియదు కదా అనుకున్నాను. నువ్వు కిటికీ సంగతి ఎత్తేదాకా అలాగే ఉన్నాను.

నీ ఉత్తరం అందిన రోజే కమిటీని పిలిచి మొత్తం చెప్పాను. గుస్ టోపీ తీసి తల గోక్కున్నాడు. తర్వాత, "అంటే మా టర్క్ మనసు పారేసుకున్నది నీ మీదన్నమాట" అన్నాడు. ఇంకో రెండు నిమిషాలకి, "మరి నేను సిగ్రిడ్‌ని పంపేయమన్నానే" అని తల దించుకున్నాడు.

"రికార్డు పుస్తకంలో ఏమని రాయమంటావు?" అన్నాడు పెల్టియర్.

"జరిగింది జరిగినట్టు రాయండి. ఎదలో ఉన్నది ప్లమ్ కాదు, కార్యదర్శి ప్యాంటు అని రాయండి."

నిన్న క్లబ్ పిక్నిక్‌లో మైకు తీసుకుని అందరి ముందూ చదివాను. నిన్ను అందరి ముందూ పంపాను కాబట్టి నేనూ అందరి ముందే చెప్పాలి. జనం నవ్వి నవ్వి బల్లలు గుద్దారు. ఒకాయనకి బీరు ముక్కులోకి వెళ్ళింది. రాజీనామా ఇచ్చాను, తీసుకోలేదు. గొప్పవాణ్ణని కాదు, ఈ పని ఇంకెవడూ చేయడని. బోర్డు మీద కొత్త రూలు మాత్రం నా చేతే రాయించారు: ఇంట్లో ఎదలో ఉన్న కుక్క ఉన్నవాళ్ళు దాన్ని తాకిన బట్టలతో గేటు లోపలికి రాకూడదు. పేరు లేదు కానీ ఎవరి గురించో చదివినవాళ్ళందరికీ తెలుసు.

ప్లమ్‌కి రావలసిన ఆ రెండు పాయింట్లు మాత్రం నేను తేలేను. ఫలితం మార్చమని అడిగాను, ఆడని పరీక్షకి స్థానం ఇవ్వడం కుదరదన్నారు. వాళ్ళన్నది నిజమే. మళ్ళీ డెర్బీలో దింపుదామంటే దానికి రెండేళ్ళు నిండిపోయాయి. నీ కుక్క వారం తేడాతో గట్టెక్కిందని సంబరపడుతూ రాసింది నేనే, ఆ వారాన్ని తినేసింది నేనే. చాలా పెద్ద తప్పు చేశానక్కా. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

నాన్న ప్యాంటు పార్సెల్ చేస్తున్నాను. ఉతుకుతావో తగలబెడతావో నీ ఇష్టం.

ఆర్విడ్


కార్వర్ బెండ్
1983 సెప్టెంబరు 26

తమ్ముడూ,

నాకు ఆ రోజే తెలుసు.

నువ్వు పిలిపించాక నేను ప్లమ్‌ని పట్టుకుని లైన్ పక్కన నిలబడ్డాను గదా. టర్క్ మాకు మూడడుగుల దూరంలోంచి వెళ్ళింది. ప్లమ్ వైపు కన్నెత్తైనా చూడలేదు, వచ్చి నీ మోకాలి దగ్గర ఆగింది. నువ్వేమో ఆకాశం వైపు చూస్తూ రూలు నంబరు గుర్తు తెచ్చుకుంటున్నావు. డచెస్ మోకాళ్ళ మీద తల వాలుస్తోందని నువ్వే రాశావు. ఒకటీ ఒకటీ కలపడానికి నాకు ఎంతసేపు పడుతుంది?

ఎందుకు చెప్పలేదని అడుగుతావు. నా మంచితనం అనుకోకు. నోరు తెరిస్తే ఏడుపు వచ్చేలా ఉంది, ఆ మగవాళ్ళ ముందు ఏడవదలుచుకోలేదు. ఇంకొకటి, నాన్న ప్యాంటులో నిలబడ్డ నిన్ను చూసి అంతమందీ నవ్వుతుంటే చూడలేననిపించింది. ఇంటికి వచ్చాక చూడగలిగేదాన్నే అనిపించింది. మూడు వందల మైళ్ళూ నిన్ను తిడుతూనే నడిపాను, ప్లమ్ అంతా వింది. తర్వాత నీ అంతట నువ్వు చెప్తావా లేదా అని చూశాను. దోసకాయలు వచ్చాయి. ఆ రోజు నిజంగా బాధ పడ్డాను, ట్రయల్ రోజు కంటే ఎక్కువ.

మైకులో చదివిన సంగతి పెల్టియర్ భార్య ఫోన్ చేసి చెప్పింది. బీరు ముక్కులోకి వెళ్ళింది గుస్‌కేనట. అది నువ్వు రాయలేదు.

పార్సెల్ అందింది. పోస్టుమాన్ దాన్ని చేతికివ్వలేదు, గుమ్మం దగ్గర పెట్టి వెనక్కి నడిచాడు. నీకు ఒక సంగతి చెప్పాలి. నాన్న ఆ ప్యాంటు ఎందుకు ఉతికించేవాడు కాదో తెలుసా? అమ్మ తన కొత్త వాషింగ్ మెషిన్‌లో ఆ బురద వేయనివ్వలేదు. బయట పరువు పోకుండా ఆయన అదృష్టం, పద్ధతి అని చెప్పుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా నువ్వు పాటిస్తున్నది అమ్మ పెట్టిన రూలు.

ఆ రెండు పాయింట్లు పోయాయి. అవి తలుచుకుంటే నాకింకా మంటగానే ఉంది, లేదని చెప్పను. వచ్చే మే నెలలో మీ ట్రయల్‌కి ప్లమ్‌ని పెద్దకుక్కల పోటీలో వేస్తాను. కాగితాలు మూడుసార్లు చూసుకో.

సిగ్రిడ్


పైన్ మార్ష్ మైదానం, గేటు బయట
1984 మే 19, పొద్దున ఏడున్నర

ఆర్విడ్,

ఈ చీటీ పెల్టియర్ చేత పంపుతున్నాను.

మొన్న గురువారం ప్లమ్ ఎదకొచ్చింది. ఈసారి నిజంగానే. క్యాలెండర్ ప్రకారం ఇంకా రెండు వారాలుంది, కానీ క్యాలెండర్లు సాక్ష్యం కాదని నాకొకాయన రాశాడు. దాన్ని పక్కింటి వాళ్ళ దగ్గర వదిలాను, పోటీలోంచి పేరు తీసేయి. అయినా రూబార్బ్ పై చేసేశాను గదా అని నేను ఒక్కదాన్నే బయల్దేరి వచ్చాను.

ఒంటి మీద ఉన్నవన్నీ ఉతికిన బట్టలే. కానీ బయల్దేరేముందు అది నా ఒళ్ళో తల పెట్టి మూలిగింది, తోసెయ్యలేకపోయాను. నీ కొత్త రూలు బోర్డు మీద చదివాను. చేతిరాత బాగుంది. దాని ప్రకారం నేను లోపలికి రాకూడదు. గుస్ బండిలోంచి టర్క్ ఇప్పటికే నా వైపు చూసి పాట మొదలుపెట్టింది.

నాన్న ప్యాంటు పక్క సీట్లో ఉంది. మూడుసార్లు ఉతికి ఇస్త్రీ చేశాను. అది ఆకుపచ్చ రంగని నీకు తెలుసా?

ఫ్లాస్కులో కాఫీ ఉంది. తీరిక దొరికితే ఒకసారి గేటు దాకా రా.

అక్క


(అదే చీటీ వెనక)

అక్కా,

గేటు బయటికి వస్తే నిన్ను కౌగిలించుకుంటాను. ఆ తర్వాత రూలు ప్రకారం ఇవాళంతా నేనూ లోపలికి రాకూడదు.

రూలు పుస్తకం, ఈల గుస్‌కి అప్పజెప్పాను. కాఫీ పోసి ఉంచు, వస్తున్నాను.

ఆర్విడ్